చంద్రకాంతలు ముందే విచ్చిన మధ్యాహ్నం

బడి గోడ పక్కనున్న చంద్రకాంత మొక్కలన్నీ పీకేశారు. తురాయి చెట్టు చుట్టూ నాపరాళ్ళతో అరుగు కట్టి, పిల్లలు ఇకమీదట అక్కడే కూర్చుని అన్నం తినాలన్నారు. బడికి కళ రావాలట! గురజాల దగ్గర మా ఊరి బడి సంగతి ఇది. చేసింది బడి కమిటీ పెద్దలు. నలుగురూ చదవాలనే ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... ఆ చెట్టు అప్పటికే పెద్దది. ఏప్రిల్ వచ్చిందంటే ఆకు కనపడకుండా ఎర్రగా పూసేది. మొగ్గ రేకలు ఒలిచి గోళ్ళకు అంటించుకునేవాళ్ళం. ఎండిన కాయలు మా కత్తులు. రోడ్డున పోయే బస్సులోవాళ్ళు కూడా తల తిప్పి దాన్నే చూసేవాళ్ళు.

చంద్రకాంతల్ని ఎవరు చూస్తారు? బోరింగు నీళ్ళు పారే కాలవ వెంట, గోడ నీడన, మోకాలెత్తు మొక్కలు. పగలంతా మొహం ముడుచుకునే ఉంటాయి, పొద్దు వాలాకే విచ్చుకుంటాయి. పైన ఎండిపోయినా లోపల దుంప బతికే ఉంటుంది... నాలుగు చినుకులు పడితే మళ్ళీ లేస్తుంది. మిరియం లాంటి నల్ల గింజను చితక్కొట్టి, లోపలి తెల్ల పిండిని మా చెల్లి నాగమణి పౌడరులా మొహానికి రాసుకునేది.

అమ్మ మిరపకాయల కల్లంలో తాలు కాయలు ఏరే కూలికి వెళ్ళేది. ఒంటిపూట బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. మాకు గడియారం లేదు. అందుకే కూలికి పోయే తల్లులందరూ పిల్లలకు ఒకటే మాట చెప్పేవాళ్ళు...

"చంద్రకాంతలు విచ్చేదాకా గోడ పక్కనుంచి కదలమాకండి. విచ్చినాక తురాయి కిందికి రండి. మేమొచ్చే ఆటో ఆడనే ఆగుద్ది."

అవి విచ్చడం, ఆటో రావడం... ఎన్నడూ తప్పలేదు.

ఒక్క రోజు తప్పింది. నాకు తొమ్మిదేళ్ళు, చెల్లికి ఆరు. మిట్ట మధ్యాహ్నం దాటగానే ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఎండ పోయి మసక పడితే చంద్రకాంత సాయంత్రమనుకుని ముందే విచ్చుకుంటుందని మాకేం తెలుసు?

"అన్నా, విచ్చినయ్! అమ్మ వస్తంది!"

"ఇంత తొందరగానా?"

"పువ్వుల కంటే నీకు ఎక్కువ తెలుసా? పద!"

చెట్టు కిందికి వెళ్ళాం. ఆటో లేదు. గాలి లేచింది, కళ్ళ నిండా దుమ్ము. రోడ్డు మలుపు దాకా వెళ్ళి చూసొస్తానన్నాను. చెల్లి నా చొక్కా పట్టుకుంది.

"నాకు బయమేస్తంది అన్నా..."

"ఏంది నీ బయం? చెట్టు మొదట్లో నిలబడు. కదిలినావంటే అమ్మతో చెప్తా."

కదల్లేదు. నా మాట విన్నది...

వెనక పెళ్ళుమని శబ్దం. తిరిగి చూస్తే చెల్లి లేదు. విరిగిన కొమ్మ, దాని కింద ఎర్రటి పూల కుప్ప. పిలిస్తే పలకలేదు. రెండు చేతులా పూలు తోడాను... వేళ్ళకు అంటింది రేకల తడో, నెత్తురో తెలియలేదు. అమ్మ రావడానికి ఇంకా చాలా పొద్దుంది. అంతసేపూ ఎట్లా గడిచిందో ఈ రోజుకీ చెప్పలేను.

చెల్లి బతికింది. కుడికాలు పొట్టిదైపోయింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను కర్రల అడితిలో కోత మిషను మీద పని చేస్తున్నాను. పదో తరగతి గట్టెక్కలేదు. కర్ర గురించి ఎవరూ పాఠం చెప్పలేదు, కోసి కోసి నేర్చుకున్నాను. తురాయి కర్ర మెత్తన. ఎంత లావున్నా నమ్మకూడదు. ఆనాడు కొమ్మ చీలిన చోట ఇన్నేళ్ళూ వాన నీళ్ళు దిగాయి. మొన్న గొడ్డలి మడమతో మొదలు మీద కొట్టి చూశాను... డొల్ల. చుట్టూ ఎక్కడ కొట్టినా డొల్ల. సరిగ్గా ఆ కొత్త అరుగు మీదికే ఇంకో పెద్ద కొమ్మ వాలి ఉంది.

దాని కిందే నాగమణి కూతురు చిన్ని కూర్చుని అన్నం తింటోంది. ఐదేళ్ళది.

కమిటీ పెద్దమనిషి నాకు బాబాయి వరస. వెళ్ళి చెప్పాను.

"ఒరేయ్, నిండా పూసిన చెట్టును కొట్టెయ్యమంటావేందిరా? ఫోటోలు చూసి ఊరంతా మెచ్చుకుంటంది!"

"పూసేది పైన బాబాయ్. లోపల చానా పుచ్చిపోయింది."

"మీ అడితికి దుంగలు రావట్లేదా ఏంది, దీని మీద పడ్డావు?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"దాన్ని పొయ్యిలోకి కూడా ఎవురూ అడగరు. పిల్లల్ని ఆడ కూర్చోబెట్టమాకండి, అంతే."

"చూద్దాంలే."

చూద్దాంలే! ఏం చూస్తారు? నేను చూశాను, చాలదా?

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. టైము కోసం పువ్వుల వైపు చూసే పిల్లలు లేరు... గోడ నీడన ఆ ఎదురుచూపులూ లేవు, పౌడరు గింజలూ లేవు. అన్నీ పోయి ఆ చెట్టు ఒక్కటి మిగిలింది. మీ బడిలోనూ ఇట్లాంటి చెట్టు ఉంటే ఈ పోస్టు కింద రాయండి. రాసే ముందు వెళ్ళి, దాని మొదలు ఒకసారి కొట్టి వినండి.

కమిటీ వాళ్ళకు... మీరు చెత్తలో పారేసిన చంద్రకాంత దుంపల్ని ఏరుకొచ్చి చెల్లి గుమ్మం ముందు నాటాం. నిన్న మొదటి పువ్వు విచ్చింది. ఆ చెట్టు కొట్టించండి. కొట్టించేదాకా పిల్లల్ని గోడ పక్కనే కూర్చోబెట్టండి. ఈ ఆదివారం సాయంత్రం మా చంద్రకాంతలు విచ్చేలోపు నాకు జవాబు కావాలి.

ఈలోగా మబ్బు పట్టి అవి ముందే విచ్చాయంటే మాత్రం... జవాబు కోసం ఆగను. రంపం తీసుకుని నేనే వస్తాను.