కారంత పొడి నేల

పదవీ విరమణకు పద్నాలుగు నెలలుండగా, ఒక పుష్యమాసంలో, నన్ను బిలాస్‌పూర్ యార్డులో లాల్‌ఖదాన్ వైపు చివరనున్న చిన్న వ్యాగన్ డిపోకు ఇన్‌చార్జిగా వేశారు. హోదా సీనియర్ సెక్షన్ ఇంజనీరు. వ్యాగన్ల చక్రాలు, బ్రేకులు చూసే శాఖ మాది. ఆ చలికాలంలో తొమ్మిదింటి దాకా అక్కడ సరిగ్గా తెల్లారేది కాదు. పొగమంచులో బొగ్గు రేకులు, అంటే బొగ్గు వ్యాగన్ల బారులు, మొదలూ చివరా కనిపించకుండా పోతుంటే, కదులుతున్నది రైలో, నేను నిలబడ్డ నేలో తెలిసేది కాదు.

మా ఉద్యోగంలో పేరు తెచ్చేది జాయింట్ నోట్. వ్యాగన్ పట్టాలు తప్పితే పట్టాల శాఖవాళ్లు, ట్రాఫిక్‌వాళ్లు, మేము కలిసి కొలతలు తీసి, తప్పెవరిదో రాసి సంతకాలు చేసే కాగితం అది. ఒప్పుకోనివాడు అసమ్మతి నోట్ రాసుకోవచ్చు. మా నాన్నకు ఇదే ఊళ్లో సదర్ బజార్‌లో గుడ్డల కొట్టు. గజం గుడ్డకు గంట బేరం చూస్తూ పెరిగినవాణ్ని. అంచేత నేను కూర్చున్న జాయింట్ నోట్లలో తప్పు మా శాఖ గుమ్మం తొక్కడం అరుదు. దాన్ని నేను ఇంజనీరింగ్ అనుకునేవాణ్ని.

ఒక శుక్రవారం పొద్దున డిపో ముందున్న, కొద్దిపాటి వాలున్న రోడ్డు మీద, ముక్కు ఎత్తువైపు ఉండేలా కారు పెట్టి యార్డులోకి వెళ్లాను. కాసేపు తుంపర పడింది. తిరిగొచ్చేసరికి కారు డిక్కీ లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాన్ని ఆనుకుని దిగువన, బ్రేక్ బ్లాకులు తెచ్చే కాంట్రాక్టరు పికప్పు. దాని డ్రైవరు దుకాలు స్టోర్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"మోర్ గాడీ హాలే నఇ హే, సాహెబ్," అన్నాడు. నా బండి కదలనే లేదని.

"అచ్ఛా. అయితే నా కారే వచ్చి నీ బండిని వాటేసుకుందా?" అన్నాను.

టేపు తెప్పించి, అలవాటు ప్రకారం నోట్ రాశాను. చెయ్యకపోతే ఏమవుతుందో తెలుసు గనక దుకాలు సంతకం చేశాడు. చేసినా అదే అయింది. అతని గేట్ పాస్ నా సొరుగులోకి వెళ్లింది. సోమవారం నుంచి వేరే డ్రైవర్ని పెడతానని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. రిపేరు ఖర్చు కూడా దుకాలుదే.

మర్నాడు కారును కుదుదండ్‌లో డెంటింగ్ మేస్త్రి సూరిబాబు షెడ్డుకు తీసుకెళ్లాను. వాళ్ల తాతా మా తాతా ఒకే గ్యాంగులో పట్టాలు మోసినవాళ్లు. డబ్బు నాది కాకపోయినా బేరమాడాను. ఆడకపోతే ఆ పూట అన్నం సయించదు నాకు.

సూరిబాబు సుత్తి మొదలుపెట్టాడు. చక్రాన్ని సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు పట్టడం మా పాత విద్య. ఆ మోత వింటూ, వీపున ఎండ పడుతుంటే, కుర్చీలో కళ్లు మూతలు పడ్డాయి. ఆ మగతలోనే, గొప్పకు, నోట్ కంఠతా వినిపించాను. "కారు వెనక భాగానికీ పికప్పుకూ మధ్య ఖాళీ, సున్న. రోడ్డు తడి. కారు ముందు, ఎత్తువైపు, కారంత మేర పొడి నేల."

సుత్తి ఆగింది.

"ఏటి బాబూ, మళ్లీ సెప్పండి."

చెప్పాను.

"ఎనకనించి గుద్దితే కారు ముందుకెల్లాలి గదా. పొడి నేల పైన ఉండిపోయి, కారు కిందికెలాగొచ్చింది?"

నేను కళ్లు తెరవలేదు. కళ్ల ముందు శుక్రవారం నాటి యార్డు: నిండు రేకు ఒకటి పోతోంది. నేల సన్నగా అదురుతోంది. మంచులో తెల్లటి కారు, లోపల ఎవరూ లేని కారు, తన పొడి నీడను అక్కడే వదిలేసి, చప్పుడు లేకుండా వెనక్కి జారుతోంది. దానికి తొందరేమీ లేదు. ఆ వేళ నేనక్కడ లేను. అయినా చూశాను.

"హేండుబ్రేకు ఏసినారా?"

వెయ్యలేదు. సదర్ బజార్ ఇరుకులో బండిని న్యూట్రల్‌లో, బ్రేకు లేకుండా వదలాలి. పక్క కొట్టువాడు దాన్ని తోసుకుని తన సరుకు దింపుకుంటాడు. నలభై ఏళ్ల అలవాటు. నిలిపిన ప్రతి వ్యాగన్‌కూ బ్రేకు బిగించి, చక్రం కింద చెక్క పెట్టాలని డిపోలో పాఠం చెప్పేదీ నేనే.

"కాయితం మీద ఆడి సంతకముంది. మీకేటి పోయింది?" అన్నాడు సూరిబాబు, నా మొహం చూస్తూ.

ఆ ఆలోచన నాకు అతనికంటే ముందే వచ్చింది. కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాను కూడా. తర్వాత షెడ్డులోంచే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, డ్రైవర్ని మార్చవద్దని, తప్పు నాదని చెప్పాను. ఇప్పుడు డబ్బు నాదైంది గనక సూరిబాబుతో బేరం మళ్లీ మొదలుపెట్టాను. అతను పైసా తగ్గలేదు.

సోమవారం నా నోట్ మీద నేనే అసమ్మతి నోట్ రాసి, తప్పెవరిదో రాసే బాధ్యత గడిలో మా శాఖనూ నా పేరునూ వేశాను. దుకాలుకు పాస్ ఇచ్చాను.

"దీనిమీద కూడా సంతకం పెట్టాలా సాహెబ్?" అని అడిగాడు.

అక్కర్లేదన్నాను. అతను బయటికి వెళ్లి, ఒక రాయి తెచ్చి నా కారు వెనక చక్రం కింద పెట్టాడు. బ్రేకు వేసే ఉందని కిటికీలోంచి చెప్పాను. "అచ్ఛా సాహెబ్," అంటూ రెండో చక్రానికీ ఒకటి పెట్టాడు.

ఆ నోట్‌లో కొలత ఒక్కటీ తప్పు కాదు. తప్పెవరిదో ముందే ఖాయం చేసుకుని టేపు తీశాను. మొత్తం ధర తేల్చేసుకున్నాక గుడ్డ కొలవడం లాంటిది అది. మిగిలిన సర్వీసులో బాధ్యత గడిని ఆఖర్న నింపాను. రెండుసార్లు మా శాఖ పేరే వచ్చింది.