చిల్లు పడ్డ చార్మినార్ రూపాయి

నాణేల వ్యాపారంలో నేను మొదటిసారి బల్ల వేసుకుని కూర్చున్నది తాండూరులో. పెళ్ళిళ్ళు లేని ఒక ఆదివారం, చుట్టుపక్కల జిల్లాల డీలర్లంతా కలిసి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టుకున్న కాయిన్ షో అది. మాది నవాబుపేట దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. డిగ్రీ అయ్యాక వికారాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, పాత నాణేలు కొని, ఫోటోలు తీసి ఫోన్లోనే అమ్మడం మొదలుపెట్టాను. "ఇంత చదివి ఆఖరుకు చిల్లర వ్యాపారం పెట్టింది మా పిల్ల" అని మా చిన్నాయన ఇంటికొచ్చిన చుట్టాలందరినీ నవ్వించేవాడు. అందుకే ఆ పొద్దున రైల్లో, ట్రేలున్న పెట్టెను తాండూరు వచ్చేదాకా ఒళ్లోంచి దించలేదు. ఫోన్లో కాకుండా, మనుషుల ఎదుట కూర్చుని అమ్మే రోజు అది.

నా పక్క బల్ల గుల్బర్గా నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. నేను పుట్టకముందు నుంచీ ఈ పనిలో ఉన్నవాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపేసి మాట్లాడతాడు. నన్ను "తాయీ" అని, అంటే కన్నడంలో అమ్మా అని పిలిచి, ట్రేలు ఎలా పేర్చుకోవాలో చెప్పాడు. మంచి నాణేలు ముందుకు, చవకవి పక్కకు. నిజాం కాలపు వెండి రూపాయల్లో చిల్లు పడ్డవి చవకవే. ఒకప్పుడు ఆడవాళ్ళు వాటికి చిల్లు పొడిచి మెడలో వేసుకునేవారు. సేకరించేవాళ్ళు అలాంటివాటిని చేత్తో కూడా ముట్టరు. అందుకని అవన్నీ ఒక ట్రేలో పోసి బల్ల చివర పెట్టాను.

పొద్దున అంతా నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది కొనడానికి రాలేదు, అమ్మడానికి వచ్చారు. ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గిది లక్షలు పలుకుతదంట గదా అని అడిగేవారు. ఫోన్లో వీడియో చూపించేవారు. కాదని చెప్పీ చెప్పీ గొంతు ఎండిపోయింది. ఒకాయనైతే నేనే కావాలని ధర తగ్గిస్తున్నానని కోపంగా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలవేళ హాలు పలచబడ్డాక ఆమె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన చీర, భుజానికి సంచి. తాండూరులోనే అంగన్‌వాడీ టీచరునని చెప్పింది. ఆమె చేతిలోనూ ట్రాక్టరు నోటు ఉంది. లాభం లేదని చెప్పాను. ఆమె నవ్వి, "నాకు తెలుసు మేడం, మా తోటి టీచరు పొమ్మంటే వచ్చిన" అంది. నోటును సంచిలో పెట్టుకుంటూ బల్ల చివరనున్న ట్రే వైపు చూసింది. చూస్తూ అలాగే ఆగిపోయింది.

చిల్లు పడ్డ నాణేల్లోంచి ఒక చార్మినార్ రూపాయిని తీసి అరచేతిలో పెట్టుకుంది. దాన్ని తిప్పి చూడలేదు. గుప్పిట మూసేసింది.

"దీని మీద రెండు చిల్లులుంటయి. మీనారు మీదున్న చిల్లును ఇత్తడి పెట్టి పూడ్చిండ్రు. అవునా?"

అవును. ఆ ఇత్తడి ముక్క నాకు బాగా గుర్తు.

"వెనక సిలువ ఉంటది. సూదితోని గీసింది."

అదీ నాకు గుర్తే. వెండి అసలుదో కాదో అని ఎవరో గీకి చూసిన గీతలనుకున్నాను. ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు సన్నని గీతలు.

పక్క బల్ల పెద్దాయన నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "తాయీ, జర జాగ్రత. షోలల్ల గిట్ల మస్తు మంది వస్తరు. నాది అంటరు, మా అమ్మది అంటరు. ఫస్ట్ చేతులది వాపస్ తీస్కో."

ఆమె మాత్రం గుప్పిట విప్పలేదు. నేను మెల్లగా అడిగాను. "అక్కా, మీ ఇంట్ల దొంగలు పడ్డరా?"

"లే."

"మరి ఎవరన్న అమ్మిండ్రా?"

"లే బిడ్డా. మా అమ్మ మెడలనే ఉండె. పానం పోయినంక గూడ తియ్యలే, తియ్యొద్దని మాట తీసుకున్నది. మెడల ఉంచే బొంద పెట్టినం."

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. ముందు రోజు నా గదిలో కూర్చుని, ఆ రూపాయి చిల్లులో గట్టిపడి ఉన్న నల్లమట్టిని టూత్‌పిక్‌తో గీకి తీసింది నేనే. మట్టి పొడి న్యూస్‌పేపరు మీద పడితే నోటితో ఊదేశాను. ఆ ఊదిన నోటితోనే ఇప్పుడు ఆమెతో మాట్లాడుతున్నాను. చేతులు చున్నీకి తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను.

వికారాబాద్‌లో వెండి పట్టీలు చేసే ఒకాయన, పాత వెండి కరిగించే ముందు అందులో నాణేలుంటే నన్ను పిలిచేవాడు. ఈ రూపాయి అతని దగ్గర కొన్నదే. అక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"గా రెండు చిల్లులదా? బండల గనిల పనిచేసేటోడు తెచ్చిండు. మన్ను తీస్తుంటె దొరికిందన్నడు. ఏమైంది, పోలీసోళ్ళు గిట్ట వచ్చిండ్రా?"

ఏ ఊరి గని అని అడిగాను. చెప్పాడు. అది తను పుట్టిన ఊరేనంది ఆమె.

ఆమె కుర్చీలో కూర్చుంది. పెద్దాయన తన మంచినీళ్ళ సీసా ఇస్తే తాగింది. "ఈస్టరుకు పోయి సున్నమేసి, కొవ్వత్తులు పెట్టొచ్చిన. సమాధి మంచిగనే ఉండె. మంచిగనే ఉండె బిడ్డా" అని నన్ను ఒప్పించబోతున్నట్టు రెండుసార్లు అంది. తర్వాత లేచి నిలబడింది. "నేను పోయి చూడాలె."

ఆమెను ఒక్కదాన్నే పంపడం నా వల్ల కాలేదు. బల్ల వైపు చూశాను. అంతవరకూ జాగ్రత్త చెప్పిన పెద్దాయనే నా ట్రేల మీద గుడ్డ కప్పేశాడు. "నువ్వు హోగు తాయీ. నేను చూస్త."

ఆటోలో ఊరు దాటాక ఆమె వాళ్ళమ్మ గురించి చెప్పింది. ఇతరుల కంది చేలల్లో కూలి చేసి పిల్లల్ని చదివించిన మనిషి. ఆ రూపాయి వాళ్ళమ్మకు పెళ్ళిలో అమ్మమ్మ పెట్టింది. "మా నాయిన మురిపెంతోని మేకు పెట్టి తనే చిల్లు కొట్టిండు. మీనారు మీదనే కొట్టిండు. నెల దినాలు మాట్లాడలేదంట మా అమ్మ. ఇగ ఇత్తడి పోయించి, పక్కకు ఇంకో చిల్లు చేయించిండు. బాప్తీస్మం తీసుకున్న దినం వెనక సిలువ గీసుకున్నది." చెబుతున్నంతసేపూ గుప్పిట మూసే ఉంది.

బొందలగడ్డ ఊరికి అవతల, చేల మధ్య ఉంది. ఆటో దిగి కంప దాటి లోపలికి పోయాం. సున్నం వేసిన సమాధులు వరుసగా ఉన్నాయి. సిలువల మీద రంగుతో రాసిన పేర్లు ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. ఆమె చెప్పులు విప్పేసి గబగబా నడుస్తోంది, నేను వెనకే. ఒక నీలం సమాధి దగ్గర చటుక్కున ఆగి, చేయి వెనక్కి చాపి నన్ను ఆపింది.

ఆ సమాధి తర్వాత నేల లేదు.

కత్తితో కోసినట్టు నేల తెగిపోయి ఉంది. కింద పెద్ద గొయ్యి. పైన నిలువెత్తు నల్లమట్టి, దాని కింద పసుపు బండలు, ఇంకా కింద నీలం బండలు, బీరువాలో అరల్లా పొరలు పొరలుగా. అడుగున ఆకుపచ్చటి నీళ్ళు. అవతలి ఒడ్డున పసుపు రంగు జేసీబీ ఒకటి తల వంచుకుని నిలబడి ఉంది. నీలం సమాధి కూడా ఒక మూల గాలిలోనే ఉంది.

"దీని తర్వాత మా అమ్మది" అంది ఆమె, ఆ ఖాళీ వైపు చేయి చూపించి. "అటెన్క మా మేనత్తది. గాడ చిన్నపిల్లగాడిది ఒకటి ఉండె."

తాండూరు బండలు మా ఇంట్లోనూ ఉన్నాయి. నేను పాకింది వాటి మీదే. అవి ఎక్కడి నుంచి వస్తాయో తెలుసు. ఎంత దగ్గరగా తవ్వుతారో తెలియదు. ఆ అంచున ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

గని వైపు రేకుల గుడిసెలోంచి ఒక ఆడమనిషి మమ్మల్ని చూసి వచ్చింది. బండలు కొట్టే మనిషి. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. పాలమూరు దిక్కు నుంచి పనికొచ్చిన వాళ్ళమని తర్వాత చెప్పింది. దగ్గరికి వచ్చి, మా ముఖాలు చూసి, అడగకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ వాళ్ళవా అక్కా?"

"మా అమ్మ."

"గట్టు దాకా తవ్విండ్రు. వద్దన్నం. మొదటి వానకే అంచు ఇరిగి పడ్డది. తెల్లారి మన్ను ఎత్తుతుంటె..." ఆగిపోయింది. "మిషన్ బందు పెట్టిచ్చినం. నేను, నా మొగడు కూసుండి అన్నీ ఏరినం. ఒక్కటి విడువలే."

"మా అమ్మవి ఏవి?" అని అడిగింది టీచరు. ఆ అడగడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బజారులో ఏదో సామాను అడిగినంత మామూలుగా అడిగింది.

"తెల్వదక్కా. మన్నుల అందరివీ కలిసిపోయినయి. నా చీరెల కట్టి, గీడ ఒక్క కాడనే పెట్టినం."

కంప పక్కన, నేలకు సమంగా ఒక పసుపు బండ పరిచి ఉంది. దాని మీద గీత గానీ అక్షరం గానీ లేదు. చుట్టూ మట్టిని మాత్రం చేత్తో అలికినట్టు నునుపుగా చేసి ఉంచారు.

"ఊరోళ్ళకు ఎందుకు చెప్పలే?" అని నేను గట్టిగానే అడిగాను. ఆమె నా వైపు కాకుండా టీచరు వైపు చూస్తూ జవాబు చెప్పింది. "చెప్తె పనిల ఉండనియ్యనన్నడు మేస్త్రి. అండ్ల దొరికిన రూపాయి గూడ ఎవడో తీసుకున్నడంట, నేను చూడలే. నాకు బువ్వ సయిస్తలేదక్కా ఆ దినం నుంచి."

టీచరు బండ పక్కన కూర్చుని రెండు అరచేతులూ దాని మీద ఆనించింది. అప్పుడు మొదటిసారి గుప్పిట విప్పింది. రూపాయి అచ్చు ఆమె అరచేతిలో ఎర్రగా పడి ఉంది. "అక్కా, గది మీదే, నాకేం ఇయ్యొద్దు" అన్నాను. ఆమె తలూపింది. ఆ బండ కిందనే తిరిగి పెడుతుందనుకున్నాను. బండ కొట్టే మనిషి కూడా అదే అనుకుందేమో, గుడిసె నుంచి గడ్డపార తెచ్చింది.

"వద్దు" అంది టీచరు. "మల్ల పెడితె మల్ల తవ్వుతరు. ఒక దారం ఉంటె ఇయ్యి చెల్లె."

బండలకు గీత కొట్టడానికి వాడే నైలాన్ దారం ముక్క తెచ్చి ఇచ్చింది ఆ మనిషి. టీచరు రూపాయిని నాకందిస్తే దారాన్ని నేనే చిల్లులో దూర్చాను. మెడ వెనక ముడి వేసింది బండ కొట్టే మనిషి. ఇన్ని నాణేలు అమ్మాను, కొన్నాను గానీ, ఒక నాణేన్ని మనిషి మెడలో వేయడం అదే మొదటిసారి.

అక్కడి నుంచి టీచరు ఊళ్ళోకి పోయింది, వాళ్ళవాళ్ళకు చెప్పడానికి. నేను ఆటోలో తిరిగి హాలుకు వచ్చేసరికి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పెద్దాయన నా పెట్టె సర్ది, దాని మీద చేయి వేసుకుని గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. గడ్డం రుద్దుకున్నాడు. "నేను ఇన్నేండ్లల్ల ఎన్ని చిల్లులవి అమ్మిన్నో తాయీ" అని మాత్రం అన్నాడు.

రైల్లో ఆ ట్రే తెరిచాను. ఒక్కో చిల్లూ ఎవరిదో ఒక మెడ. ధారూర్ దాటకముందే మూసేశాను. ఇప్పుడు చిల్లు పడ్డవి కొనను. మిగతావి కొనేటప్పుడు కూడా ఎక్కడివని అడుగుతాను. అడిగితే కొందరికి కోపం వస్తుంది. పట్టీలు చేసే ఆయన నాకు ఫోన్ చేయడం మానేశాడు.

ఊరివాళ్ళు తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నాకు కూర్చున్నారు. తవ్వకం ఆపించారు, ఆఫీసువాళ్ళు కంచె వేయిస్తామన్నారు. గొయ్యి మాత్రం అలాగే ఉంది, నీళ్ళతో. కొన్నాళ్ళకు ఆ పసుపు బండ దగ్గర ప్రార్థన పెట్టుకున్నామని టీచరు పిలిస్తే వెళ్ళాను. బండ మీద పేర్లు చెక్కించారు. పాస్టరు ఒక్కో పేరూ చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు ముందుకొచ్చి పూలు పెట్టారు. బండ కొట్టే ఆమె దూరంగా, కంప అవతల నిలబడి చూస్తోంది. టీచరు పోయి ఆమె చేయి పట్టుకుని లాక్కొచ్చింది. ఆమె చెప్పులు విడిచి వరుస చివర, నా పక్కన నిలబడింది. ప్రార్థన మాటలు ఆమెకు రావు. అందరూ ఆమేన్ అన్నప్పుడు పెదవులు కదిపింది. నేనూ అంతే.