కపిల బావిలో మూడు మునకలు

పెళ్లికి ముందు నేను రోజూ బావిలో ఈదేదాన్ని. కోడుమూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాక, నాలుగేళ్లలో ఇద్దరు పిల్లలు పుట్టాక ఈత మాటే మరిచిపోయాను. జొన్నలు విసరడం, నీళ్లు మోయడం, చేనిపని అన్నీ చేసేదాన్ని. కానీ నా సంతోషం కోసం ఒళ్లు కదిలించి ఎన్నాళ్లయిందో. ఎప్పుడూ చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున మా ఉల్లి తోటకు నీళ్లు పెట్టడానికి ఎద్దులతో కపిల తోలుతుంటే మోకు తెగింది. నీళ్లు తోడే ఇనుప బాన బావిలో పడిపోయింది. నేను, అత్త, పిల్లలతో సద్ది తీసుకుని వెళ్లేసరికి నా భర్త గాలం వేసి వేసి అలసిపోయి ఉన్నాడు. బాన బోర్లపడి బురదలో కూరుకుపోయిందట. ఆయనకు పైపైన ఈదడం వచ్చుగానీ అడుగుకు మునగడం రాదు. బావుల్లో మునిగి వస్తువులు తీసే మనిషి అహోబిలం తిరునాళ్లకు పోయాడు.

"వాడొచ్చేదానికి నాలుగు దినాలు పడతాది మా. అంతలోకి గడ్డలు ఎండిపోతాయి," అన్నాడు నా భర్త తల్లితో.

నాకు తెలియకుండానే మాట బయటికి వచ్చేసింది. "అత్తా, నేను దిగుతా."

"మతి ఉండాదా మ్మే నీకు? చంటోడు పాలు తాగతాండాడు. నువ్వు నీళ్లలో మునిగితే వానికి పడిశెం పడతాది."

"ఎండలో ఒళ్లు ఆరబెట్టుకోనే పాలిస్తాలే అత్తా."

నా భర్త నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నీకు మునగడం వచ్చా?"

"మా ఊర్లో పందెమేసి అడుగునుంచి మన్ను తెచ్చేదాన్ని."

అత్త వాడిపోతున్న మడుల వంక ఒకసారి, చంటివాడి వంక ఒకసారి చూసింది. తర్వాత చేతులు చాచింది. "ఇట్టా తే వాన్ని. మూడు మునకలే. నాలుగోది లేదు."

చీర గోచి బిగించి, మోకు కొస పట్టుకుని దూకాను. చల్లదనానికి గుండె ఝల్లుమంది. మొదటి మునకలో అడుగు అందక ముందే ఊపిరి చాలక పైకి వచ్చాను. మెట్టు మీద తండ్రి చేయి పట్టుకున్న నా కూతురు, "అమ్మ వచ్చె," అని చప్పట్లు కొట్టింది. నాకు నవ్వొచ్చి నీళ్లు మింగాను.

రెండోసారి చేతికి బురద తగిలింది, దానిలో ఇనుప అంచు తగిలింది. మోకు కట్టే కడియం దొరకలేదు. చెవులు గుయ్యిమంటుంటే పైకి వచ్చాను.

"చాలు, వచ్చేయ్," అన్నాడు నా భర్త.

"ఇంకొకటి ఉండాది," అంది అత్త, నాకంటే ముందు.

మూడోసారి రెండు చేతులతో బురద తవ్వాను. కడియం తగిలింది. మోకు దూర్చి ముడివేసి, రెండుసార్లు గుంజి, కాళ్లతో నేలను తన్ని పైకి లేచాను. ఎద్దులు మోకు లాగాయి. బురద కక్కుతూ బాన పైకి వచ్చింది.

"ఇంగ రా మ్మే పైకి," అంది అత్త.

"ఒక్క చుట్టు ఈదొస్తా అత్తా," అని, ఆమె జవాబు వినకుండా మూడు చుట్లు ఈదాను. ఒళ్లంతా నాదే అనిపించింది.

రెండు రోజులు అత్త చంటివాడి రొమ్ముకు చెవి ఆనించి వింటూనే ఉంది. వాడికి పడిశెం పట్టలేదు. మూడో రోజు తనే బట్టల మూట ఎత్తుకుని, "బావికాడికి పోదాం పా. పిల్లోళ్లను నేను పట్టుకుంటా," అంది.

ఈ సంగతి తెలిసి పక్కిళ్ల కోడళ్లు ఇద్దరు తమ పిల్లలతో వచ్చారు. ఒకరు ఈదుతుంటే మిగతావాళ్లం పిల్లలను పట్టుకునేవాళ్లం. వానలు పడేలోగా నలుగురమయ్యాం. మా నలుగురిలో వయసులో చిన్నదానికి ఈత రాదు. నడుముకు నీళ్లలో తేలే మునగచెట్టు బెండ్లు కట్టి నెల రోజులు నేనే నేర్పాను. అత్త మెట్ల మీద ఒడినిండా పిల్లలతో కూర్చుని, "నీ వంతు అయిపోయె, ఇంగొకదాన్ని దిగనీ," అని గదమాయించేది.

ఆ చిన్నది బెండ్లు విప్పేసి, మొదటిసారి గట్టు మీది నుంచి దూకిన రోజు నీళ్లు ఎగజిమ్మి అత్తా, పిల్లలూ నిలువునా తడిసిపోయారు. ఒక్కరూ ఏడవలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్తే.