మల్లేశన్న వేసిన ముడులు

కాలిన వైరు వాసన తగిలితే చాలు, కోరుట్ల జీపుల అడ్డాలో ఆనాడు నేను చెప్పకుండా మింగేసిన నిజం ఇవాళ్టికీ గుర్తొస్తుంది.

మల్లేశన్న బస్టాండు వెనక బండ్లకు వైరింగ్ చేసేవాడు. ఆయన పని చూస్తూ డ్రైవర్లం ట్రిప్పులు మరిచిపోయేవాళ్లం. ఎండకు జిగురు కారుతుందని వైర్ల కట్టకు టేపు చుట్టేవాడు కాదు. సిరిసిల్ల మగ్గాల నూలు తెప్పించి, మైనం రాసి, జానెడుకొక ముడి వేసేవాడు. అలాంటి ముడి ఇంకెవరికీ పడేది కాదు. నా జీపు వైరింగంతా ఆయన చేతిదే.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ జీపు ఊరేగింపుల ముందు నడిచేది. దానికి పెద్ద లైట్లు, రెండు హారన్లు బిగించమని మల్లేశన్నను అడిగాను.

“గింత కరెంటు స్విచ్చు మోయది తిరుపతీ. స్విచ్చు హుకుం ఇస్తది, బరువు రిలే మోస్తది. మంచి రిలే జగిత్యాల నుంచి రావాలె. ఎల్లుండిదాక ఆగు.”

“రేపే సిరిసిల్లల సభ. నీ రిలే కోసం తెలంగాణ ఆగుతదా అన్నా?”

“తెలంగాణ వచ్చేదాక నీ బండి ఉండాలె గదరా,” అని నవ్వాడు.

నేను ఆగలేదు. ఇంటికి పోయి, ఆయన ముడులు కోసి, సన్నటి వైరుతో లైట్లూ హారన్లూ నేరుగా స్విచ్చుకే కలిపాను. మర్నాడు చందుర్తి దాటకముందే డ్యాష్‌బోర్డు కింద పొగ లేచింది. ఎక్కినవాళ్లంతా కిందికి దూకారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. జీపును తాడు కట్టి అడ్డాకు లాక్కొచ్చాం.

“మల్లేశన్న వైరింగే గద ఇది? పెద్ద పనోడని పేరు,” అన్నాడొకడు. అందరూ నా వైపు చూశారు. నేను టైర్ల వైపు చూశాను.

మల్లేశన్న వచ్చి డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాడు. కోసిన నూలు కొసలు ఆయన వేళ్లకు చిక్కాయి. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన వాటిని జేబులో వేసుకొని, “బండి షెడ్డుకు తేండ్రి. మళ్ల చేస్త,” అన్నాడు. అంతే.

మర్నాడు షెడ్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను, “ఎందుకు చెప్పలేదన్నా?”

“నిన్ను నమ్మి జనం బండెక్కుతున్నరు. నలుగుట్ల నీ ఇజ్జత్ తీస్తె రేపు ఎవరెక్కుతరు?” కొత్త రిలే బిగించి, టక్కుమన్న చప్పుడు చెవి పెట్టి విని, మళ్లీ ముడులు వేయసాగాడు. అంత పెద్ద మనిషిని నేను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

అయినా నేను అడ్డాలో నోరు విప్పలేదు. అడ్డా జీపులు ఒక్కొక్కటే మెట్‌పల్లి పనివాళ్ల దగ్గరికి మళ్లాయి. తెలంగాణ వచ్చింది. ఆయన షెడ్డు మాత్రం సగం ఖాళీగానే ఉండిపోయింది.

పోయిన నెల ఆయన్ను చాయ్‌కని అడ్డాకు తీసుకెళ్లాను. ఆనాటి డ్రైవర్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల ముందే ఆయన చేతులు పట్టుకున్నాను.

“నా జీపు కాలింది నా చేతి పనితోనే. పేరు నీది ఖరాబైంది. గిన్నేండ్లు నేను చూసుకుంట కూసున్న. మాఫ్ చెయ్యే, అన్నా.”