తాండూరు ల్యాబులో తడబడిన తెరలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను వికారాబాద్‌కు సిస్టమ్స్ అధికారిగా బదిలీ చేశారు. జిల్లాలోని ప్రభుత్వ శిక్షణ కేంద్రాల కంప్యూటర్లన్నీ నా పరిధిలోవి. ఆ నెలలోనే వాటన్నిటిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలని ఆదేశం వచ్చింది. ఒక కంప్యూటర్‌లో అన్నీ అమర్చి, ఆ మాస్టర్ కాపీనే మిగతావాటికి ఎక్కించడం మా పద్ధతి.

దసరా సెలవుల తర్వాత తాండూరు కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడ ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్పుతారు. గీత గీస్తే తెర మీద ఆలస్యంగా కదులుతోంది, వీడియో పాఠాలు ఆగి ఆగి నడుస్తున్నాయి. యంత్రాలు పనికిరావని నేను రాస్తే ల్యాబు మూసేస్తారు. ఇన్‌స్ట్రక్టర్ సుజాత కాంట్రాక్టు ఉద్యోగమూ దాంతోనే పోతుంది. నిజం చెప్పాలంటే, ఆ రిపోర్టు సగం మనసులో రాసుకునే రైలెక్కాను.

ల్యాబులో నేను రిపోర్టు కాగితం తీయగానే సుజాత అడ్డుపడింది.

"గట్ల రాయకుండ్రి సార్. గీ మిషన్లే నిరుడు మంచిగ నడిచినయి. మీ కొత్త కాపీ ఎక్కించినంకనే గిట్లయింది. జర చూడుండ్రి."

ఆమె నా పనిని తప్పుపట్టడం గుచ్చుకుంది. కోపంతోనే కూర్చుని చూశాను. తెర మీద బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ చిప్పుది. దానిచేత ఆ పని చేయించేది డ్రైవర్ అనే ప్రోగ్రాం. ఇక్కడ ఆ డ్రైవర్ అసలు మొదలే కావడం లేదు. చిప్పు ఖాళీగా ఉంది, భారమంతా ప్రాసెసర్ మోస్తోంది. కారణం స్టార్టప్ సెట్టింగుల్లో దొరికింది. వికారాబాద్‌లో మాస్టర్ కాపీ తయారుచేసేటప్పుడు తెర నల్లబడితే, పని ముగిసేదాకానే కదా అనుకుని డ్రైవర్‌ను ఆపే ఆదేశం నేనే పెట్టాను. తీయడం మరిచాను. తాండూరులోని పద్దెనిమిది యంత్రాలకూ నా మతిమరుపు ఎక్కింది; బొమ్మలు గీసే పని లేని మిగతా కేంద్రాల్లో అది బయటపడలేదు.

ఆ ఆదేశం తీసేసి ఒక కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. మళ్లీ తెర నల్లబడుతుందేమోనని భయపడ్డాను. అలా కాలేదు. వీడియో ఎక్కడా ఆగకుండా నడిచింది. ప్రాణం లేచొచ్చింది.

"ఫికర్ పోయింది సార్," అని సుజాత పక్క కుర్చీలో కూర్చుండిపోయింది. సాయంత్రానికి పద్దెనిమిదీ సరిచేశాం.

తప్పు నాదేనని రిపోర్టులో రాశాను. పై అధికారి మెమో ఇచ్చారు, తీసుకున్నాను. అప్పటినుంచి పరికరాన్ని తప్పుపట్టే ముందు దాని మీద నేను చేసిన పనిని తనిఖీ చేసేవాణ్ని. ఆ రోజు ఆమె అడ్డుపడకపోయుంటే నా రిపోర్టులో ఎవరికీ లోపం కనిపించేది కాదు. ఉద్యోగం మాత్రం ఆమెది పోయేది.