ఊరగాయ జాడీల్లో సముద్రం

1965 జనవరి 18, సోమవారం, పొద్దున ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు మా లారీ చోరనూరులో మా వాకిట్లో ఆగింది. మద్రాసుకు పత్తి బేళ్లు తీసుకుపోయి, తిరుగు దారిలో పన్నెండు జాడీల సముద్రపు నీళ్లు తెచ్చింది. అప్పుడు నాకు ముప్పై ఏడేళ్లు. తేదీ, గంట పంచాంగం వెనక అట్ట మీద రాసి పెట్టుకున్నాను. ఆ అట్ట ఇప్పటికీ ఉంది.

జాడీలు ఊరగాయలవి. నూనె డ్రమ్ములు ఎంత కడిగినా వాసన పోదు, అందుకని పింగాణీ జాడీలే సరి అనుకున్నాం. నా పుట్టింటివి ఐదు, అత్తవి నాలుగు, పక్కింటి నుంచి అడిగి తెచ్చినవి మూడు. ఒక్కోటి నాలుగు గ్యాలన్లు పడుతుంది. వరిగడ్డిలో చుట్టి, మూతలకు గుడ్డ కట్టి తెచ్చారు. ఒక్కటీ పగల్లేదు.

డ్రైవరు దిగుతూనే నవ్వడం మొదలుపెట్టాడు.

"అక్కా, చెక్‌పోస్టు కాడ పోలీసాయప్ప సారాయి అనుకోని జాడీలో వేలు పెట్టి నాలికకు రాసుకున్యాడు. తూ అని ఉమ్మి, ఏందిరా ఇది, యాడికి అనె. మా అన్నకు సముద్రం తీసకపోతాండా అంటి. ఇంగ ఏమీ అడగలా. పిచ్చోడు, పోనీ అనుకున్యాడు."

ఆ అన్న నా భర్త. అంతకు ముందు అక్టోబరులో యశ్వంతనగర్ దగ్గర మలుపులో ఖనిజం లారీ బోల్తా పడి ఆయన నడుం దెబ్బతింది. లారీ ఆయనదే, నడిపిందీ ఆయనే. బళ్లారి ఆసుపత్రిలో నలభై రోజులు ఉంచి ఇంటికి పంపారు. కాళ్లలో స్పర్శ ఉంది. కానీ ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎడమ పక్క. తిండి అడగడు, మాట ఆడడు. ఎడమ తుంటి మీద పుండు పడింది. డాక్టరు వచ్చి చూసి నన్ను బయటికి పిలిచి చెప్పాడు: "వానలు పడేలోపల ఆనుకోకుండా గంటసేపు కూర్చోవాలమ్మా. అప్పుడు నిలబెట్టి చూస్తాం. లేదంటే నడుము అట్లే బిగుసుకుపోతుంది. మందుతో అయ్యే పని కాదు, ఆయనకే లేవాలనిపించాల."

ఏది చూపిస్తే లేవాలనిపిస్తుందో నాకు తెలియలేదు. పేపరు చదివి వినిపించాను. యంత్రాల మాటలు మాట్లాడేవాళ్లను పిలిపించాను. డిసెంబరులో ఒక మధ్యాహ్నం గోడకేసి చూస్తూనే అన్నాడు: "మద్రాసులో ఒగ అంగట్లో గాజు తొట్టిలో పగడాలు చూసినా. ప్రాణమున్నెవి. పూలు మాదిరి విచ్చుకుంటాండె. అట్లాటిది ఈడ పెట్టుకునేకి కాదా?" రెండు నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అది. అవుతుంది అన్నాను.

అత్త వినింది. "మొగునికి మందు తెమ్మంటే సముద్రాన్ని తెస్తాదంట. ఏమ్మే, ఓడ ఎప్పుడొస్తాది?" అంది. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

తొట్టి ఇంట్లోనే కట్టించాం. ఇనుప చట్రం వద్దని మద్రాసు అంగడాయన ఉత్తరం రాశాడు, ఉప్పునీళ్లకు తుప్పు పడుతుందని. మూడు పక్కలా అడుగునా కడప బండలు, ముందర గాజు. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. మంచానికి కుడి పక్కన, తూర్పు కిటికీ కింద. ఆయన చూడాలంటే గోడను వదిలి ఇటు తిరగాలి. అందుకే ఆ చోటు. సిమెంటు క్షారం పోవడానికి ఇరవై ఒక్క రోజులు బావినీళ్లు నింపడం, తోడి పారబోయడం. రోజుకు పదహారు బిందెలు నింపి, పదహారు తీశాను.

జాడీలు వచ్చిన రోజు ఇసుక పరిచి, నీళ్లు పోసి, నీళ్ల డబ్బాల్లో వేరుగా వచ్చిన జీవాలను దింపాం. ఐదు పగడపు రాళ్లు, సముద్రపు పువ్వు అనే మెత్తటి జీవి ఒకటి, రొయ్యలు రెండు, చేపలు ఆరు. చేపల్లో రెండు నారింజ రంగువి, ఒంటి మీద తెల్లపట్టీలు. మిగిలిన నీళ్లు నాలుగు జాడీల్లో నిల్వ పెట్టి, తక్కిన ఎనిమిదీ ఎవరివి వాళ్లకిచ్చేశాను. నిల్వకు ఉంచినవి అత్తవి.

గాలి పెట్టడానికి ఊళ్లో కరెంటును నమ్ముకునే వీల్లేదు. పాత లారీ ట్యూబుల్లో గాలి నింపి, దాని మూతికి ఆసుపత్రి సన్న గొట్టం కట్టి, కొస నీళ్లలో ముంచాం. క్లిప్పు బిగించుకుంటే బుడగలు సన్నగా వస్తాయి. ఒక ట్యూబు నాలుగు గంటలు. రోజుకు ఆరు ట్యూబులు. ఒక్కోదానికి పంపు నూట ఎనభై సార్లు కొట్టాలి. డ్రైవరు ఊళ్లో ఉంటే అతను, లేకపోతే నేను. ఎక్కువగా నేను. కుడి భుజం ఆ ఏడాది పట్టింది, ఇంకా వదల్లేదు.

నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడటానికి పాల లాక్టోమీటరు వాడాను. మొదటి రోజు ఇరవై నాలుగు చూపించింది. ఎండకు నీరు ఆవిరైతే ఉప్పు మిగులుతుంది కాబట్టి గాజు మీద గీత పెట్టుకుని, తగ్గినంత మంచినీళ్లే పోసేదాన్ని. మళ్లీ ఇరవై నాలుగు. పదిహేను రోజులకొకసారి ఒక జాడీ పాతనీళ్లు తీసి, ఒక జాడీ సముద్రపు నీళ్లు. నెలకొకసారి లారీ ఆ లోటు పూడ్చేది. ఏప్రిల్ నెల ఎండల్లో తొట్టి చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి గంటగంటకు తడిపాను.

ఆయన మూడో రోజే కుడి పక్కకు తిరిగాడు, ఎవరూ తిప్పకుండా. ఫిబ్రవరిలో దిండు ఆనుకుని కూర్చున్నాడు. పుండు మానింది. హచ్చొళ్ళి కాలువలో పట్టిన సన్న రొయ్యలను దంచి ఇస్తే, చిటికెడు చిటికెడు తనే వేసేవాడు. దానికి లేచి ముందుకు వంగాలి. మార్చి 10న ఆనుకోకుండా పన్నెండు నిమిషాలు. ఏప్రిల్ 3న ఇరవై తొమ్మిది. ఏప్రిల్ 17న నలభై ఒకటి. గడియారం నా ఒళ్లో పెట్టుకుని చూశాను.

"ఏమే, పరీచ్చ పెట్టినావా నాకు?" అన్నాడు.

"ఇంకా పందొమ్మిది మార్కులు రావాల," అన్నాను.

"యాడికి పోతాయి, వస్తాయిలే."

ఆ వారం మొదట్లోనే, ఏప్రిల్ 12న, మామిడికాయలు వచ్చాయి. నూట యాభై కాయలు, పుల్లగా, పీచు గట్టిగా, ఊరగాయకు తగినవి. కాయ ఆగదు. జాడీలు కావాలి.

"నా జాడీలు ఉప్పునీళ్లకు పుట్టినెవా? ఖాళీ చెయ్యి," అంది అత్త.

"నీళ్లు యాడ పొయ్యాల?"

"రాగి అండా ఉండాది కదమ్మే. గంగమ్మను పెట్టేకి దానికంటే మడి పాత్ర యాడుంది?"

మా ఇళ్లల్లో తాగే నీళ్లు రాగిలో ఉంటాయి, దేవుడి నీళ్లు రాగిలో ఉంటాయి. ఎవరికైనా జబ్బు చేస్తే రాత్రంతా రాగి చెంబులో పెట్టిన నీళ్లు పొద్దున ఇస్తాం. రాగి నీళ్లను బాగుచేస్తుందనే నేనూ పెరిగాను. ఇనుము వద్దని ఉత్తరంలో ఉంది, రాగి మాట లేదు. అయినా ఉత్తరం ఇంకోసారి తీసి చూశాను. తర్వాత అండాను చింతపండుతో నేనే తోమాను, అద్దంలా వచ్చేదాకా. నాలుగు సార్లు కడిగి, నాలుగు జాడీల నీళ్లు అందులో పోసి, పలుచని గుడ్డ కట్టాను. జాడీలు ఎండబెట్టి అత్తకు ఇచ్చాను.

ఏప్రిల్ 18, ఆదివారం, నీళ్లు మార్చే రోజు. గుడ్డ విప్పితే నీళ్లకు లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. సముద్రం రంగే కదా అనుకున్నాను. లాక్టోమీటరు వేశాను. ఇరవై నాలుగు. ఎండలకు తొట్టి నీళ్లు వాసన కొడుతున్నాయని ఆ రోజు ఒకటికి రెండు జాడీల కొలత తీసి, అంతా అండాలోనిది పోశాను. తొమ్మిది గంటలకు పని అయిపోయింది.

పదకొండుకు పగడాలు ముడుచుకున్నాయి. ఒంటి గంటకు సముద్రపు పువ్వు తిరగబడి నోరు వెళ్లబెట్టింది. ఆయన చూస్తున్నాడు.

"ఏమి మార్చినావే?"

"నీళ్లే. ఎప్పటి మాదిరే."

"ఎప్పటి మాదిరి లేదు. చూడు, రొయ్య అడ్డం పడింది."

సాయంత్రానికి రెండు రొయ్యలూ పోయాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గాలి చాలదేమో అనుకుని ఇంకో ట్యూబు కట్టాను. అది చాలదేమో అని అండాలో మిగిలిన నీళ్లు కూడా పోశాను. కొత్త నీళ్లయితే తేరుకుంటాయని నా ఆశ. అంటే విషం మీద విషం పోశాను. పట్టీల చేపల్లో రెండోది ఇరవయ్యో తేదీ పొద్దున ఆరు గంటలకు పోయింది. అదే ఆఖరిది. ఆయన అది పడే వరకు కూర్చునే ఉన్నాడు, దిండుకు ఆనుకుని.

ఏమి జరిగిందో అంతా రాసి డ్రైవరు చేత మద్రాసుకు పంపాను. ఇరవై నాలుగున జవాబు తెచ్చాడు. రెండే వాక్యాలు. రాగి పాత్రలో పెట్టారా అని ఒకటి. పెట్టి ఉంటే ఉప్పునీళ్లలో రాగి దిగుతుంది, పగడాలకూ రొయ్యలకూ చిటికెడు చాలు అని ఇంకొకటి. గట్టిగా చదివాను. చదవకుండా ఉండొచ్చు, కానీ ఆయన నా మొహమే చూస్తున్నాడు.

"రాగిలో పోసింది ఎవురు?"

"నేనే."

వాకిలి దగ్గర నుంచి అత్త అంది: "నేను పొయ్యమంటి, అది పోసింది. మళ్ల తెద్దాంలే రప్పా. సముద్రం ఎండిపోలేదు కదా."

"సాకు," అన్నాడు. చాలు అని. ఎవరి మీదా అరవలేదు. రెండు చేతులతో నడుం పట్టుకుని, మెల్లగా, గోడ వైపు తిరిగాడు.

ఆ తర్వాత నెలలో లారీ మద్రాసు పోతూ ఉంటే డ్రైవరు జాడీలు అడిగాడు. నాలుగూ ఊరగాయతో నిండి ఉన్నాయని కాదు, ఆయన వద్దన్నాడని పంపలేదు. తొట్టి నీళ్లు పారబోస్తే పెరట్లో గోంగూర ఎండిపోయింది. బండలు ఊడదీశాం. డాక్టరు చెప్పిన కసరత్తు రోజూ చేయిద్దామని చూశాను. ఒప్పుకున్న రోజులు ఉన్నాయి, లేనివి ఎక్కువ.

మొదటి పెద్ద వాన జూన్ 14, సోమవారం, మధ్యాహ్నం మూడున్నరకు పడింది. డాక్టరు పెట్టిన గడువు అదే. అప్పటికి లెక్క ఇది.

పగడపు రాళ్లు ఐదు. సముద్రపు పువ్వు ఒకటి. రొయ్యలు రెండు. చేపలు ఆరు. తొంభై రోజుల గాలి, పంపు దెబ్బల్లో చెప్పాలంటే తొంభై ఏడు వేల రెండు వందలు. ఆయన ఆనుకోకుండా కూర్చోగలిగింది, ఏప్రిల్ 17న నలభై ఒక్క నిమిషాలు. జూన్ 14న తొమ్మిది. పోయినవి ముప్పై రెండు నిమిషాలు.