మూడో ఆదివారం అభ్యంతరం

మా గుడిలో పెండ్లి ప్రకటనలు చదివేటప్పుడు ఎవరూ వినరు. ప్రసంగం అయిపోయి, కానుకల పాట అయిపోయి, జనం ఇంటికెళ్ళి వండాల్సిన కోడికూర గురించి ఆలోచించుకునే వేళ అది. మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, కళ్ళజోడు పైకి తోసుకుని, ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైనదని చదివి, "వీరి పెండ్లికి న్యాయమైన అభ్యంతరమేదైనా ఎరిగినవారు తెలియజేయవలెను. ఇది మొదటిసారి" అంటారు. మరుసటి ఆదివారం రెండోసారి, ఆపై ఆదివారం మూడోసారి. ఏలూరులో దొరల కాలం నాటి గుడి కదా, దొరలు వెళ్ళిపోయినా వాళ్ళ పద్ధతి మాకు వదిలిపోయారు. మూడుసార్లు అడిగినా ఎవరూ లేవకపోతే పెళ్ళి ఖాయం. నాకు ఊహ తెలిసినప్పట్నించి ఒక్కరూ లేవలేదు. అయ్యగారు కూడా ఎవరైనా లేస్తారేమోనని ఆగరు. "తెలియజేయవలెను" అన్న ఊపిరిలోనే యవనస్థుల కూడిక శనివారానికి మారిందని చెప్పేస్తారు.

అలాంటి ప్రకటనలో ఒకసారి నా పేరు కూడా చదివారు. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే కొర్రమీను దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటికి నాకు ముప్ఫైమూడేళ్ళు. వట్లూరు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, ఆదివారాలు గుడిలో కీబోర్డు వాయించేవాణ్ణి. ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ పెరట్లో కొర్రమీనుకి బూడిద రాసి తోముతోంది. జిగురు పోయేదాకా తోమాలి, లేకపోతే పులుసు నీచు వాసన వస్తుంది. అమ్మ చేతులు పనిలో ఉన్నాయి గనక లేచి వెళ్ళిపోదన్న ధైర్యంతో చెప్పేశాను. నాకు ఆడపిల్లల మీద మనసు పోదమ్మా, మగవాళ్ళ మీదే పోతుంది, పదో తరగతి నుంచీ ఇంతే అన్నాను. అమ్మ తోమడం ఆపలేదు. చేప ఎప్పుడో తెల్లబడిపోయింది, అయినా తోముతూనే ఉంది. చివరికి, "పదో తరగతి నుంచా? మరి ఇన్నేళ్ళూ ఎవరికి చెప్పుకున్నావురా?" అంది. ఎవరికీ చెప్పుకోలేదన్నాను. కొంగుతో మొహం తుడుచుకుంది. బూడిద అంటుకుని బుగ్గంతా నల్లగా అయింది. నాకు ఏడుపొచ్చింది.

నాన్నగారు వేరు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయన సర్వీసులో లెక్కల్లో తప్పిన వాణ్ణి కూడా ఒక వేసవిలో దారికి తెచ్చారు. నా సంగతి విని నన్ను కూడా అలాంటి కేసుగానే రాసుకున్నారు. మొదట దెందులూరు దగ్గర హైవే పక్కన ఒక ప్రార్థన హాలుకి తీసుకెళ్ళారు. మూడు రోజులు ఉపవాసం. ఉపవాసం నాకు, కేకలు వాళ్ళకి. నా తల మీద చెయ్యి పెట్టిన పెద్దమనిషి ఎంత గట్టిగా ఊపాడంటే, నాలో దెయ్యమేదైనా ఉండి ఉంటే దానికీ మెడ పట్టేసేది. అది ఫలించకపోయేసరికి కేసు కలిదిండిలో ఉన్న మా పెదనాన్న దగ్గరికి బదిలీ అయింది.

పెదనాన్నకి చేపల చెరువులున్నాయి. ఆయన దృష్టిలో లోకంలో ఏ జబ్బయినా ఖాళీగా కూర్చోవడం వల్లే వస్తుంది. "ఓ నెల్లాళ్ళు చెరువు మీద వదిలెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. వేసవి సెలవులు మొత్తం పడవ మీద మేత బస్తాలు మోశాను. వీపు కాలింది, నాలుగు కేజీలు తగ్గాను. నెల పూర్తయిన రోజు పెదనాన్న గట్టు మీద నుంచి నన్ను, సీజను చివర చేపని చూసినట్టు, కిందికీ పైకీ చూశారు.

"ఎలా ఉందిరా?"

"చేతులు నొప్పులండి."

"అది కాదురా. అదీ..."

"అది అలాగే ఉందండి."

పెదనాన్న చాలాసేపు ఆలోచించి, అయితే పెళ్ళి చేసెయ్యమన్నారు.

తాడేపల్లిగూడెంలో సంబంధం కుదిరింది. అమ్మాయి స్కూల్లో సైన్సు టీచరు. మాకు డాబా మీద పావుగంట ఇచ్చారు మాట్లాడుకోమని. చెప్పెయ్యాలనే మెట్లెక్కాను. ఆ అమ్మాయి తిన్నగా నా మొహంలోకి చూసి, "మీకేమైనా అడగాలనుందాండి?" అంది. నేను నీళ్ళు నమిలి, గూడెం నుంచి ఏలూరుకి పొద్దున్న పాసింజరు ఎన్నింటికని అడిగాను. ఏడూ ఇరవై అంది. అంతే, సంబంధం ఖాయమైంది. నాన్నగారు అడిగితే సరేనన్నాను. పెదనాన్న అడిగితే తలూపాను. నాన్నగారికి బీపీ ఉంది, అందుకే ఒప్పుకున్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆయన బీపీ రోజుకో మాత్రతో అణిగి ఉండేది, నా పిరికితనానికే మాత్ర లేదు.

అమ్మ మాత్రం ఆ రోజుల్లో నన్ను ఒకటే ప్రశ్న అడిగేది. అన్నం వడ్డిస్తూ, "అమ్మాయికి చెప్పావా?" అనేది. చెప్తానమ్మా అనేవాణ్ణి. మర్నాడు మళ్ళీ, "చెప్పావా?" రేపు ఫోన్ చేస్తాననేవాణ్ణి. శుభలేఖలు అచ్చుకి వెళ్ళాయి, చీరలు కొన్నారు, అయినా ఆ ప్రశ్న ఆగలేదు. ఒకరోజు మాత్రం గరిటె పక్కన పెట్టి, "నిన్ను మార్చాలని మీ నాన్నగారు ఇంత తిప్పలు పడుతున్నారు. ఆ పిల్లేం పాపం చేసిందిరా మధ్యలో?" అంది.

మొదటి ఆదివారం అయ్యగారు మా ప్రకటన చదివారు. మా గుడిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. నేను కుడివైపు ముందు, కీబోర్డు వెనకాల. "అభ్యంతరమేదైనా" అన్నప్పుడు ప్రార్థనలో ఉన్నట్టు కళ్ళు మూసుకున్నాను. వెనక వరసల్లో నా ఈడువాళ్ళు ఆటపట్టిస్తూ దగ్గారు. రెండో ఆదివారం కూడా కళ్ళు మూసుకున్నాను. ఆరాధనయ్యాక సంఘ పెద్దలు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. మా ఇంటి సంగతి వాళ్ళలో సగంమందికి తెలుసు. మా సంఘంలో రహస్యాలు దాగవు, ప్రార్థన విన్నపాలుగా మారతాయి. "పేరు చెప్పకూడదుగానీ, మాస్టారి అబ్బాయి కోసం ప్రార్థన చెయ్యండి" అని ఫోన్ గ్రూపులో పెట్టిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు. అంత తెలిసినవాళ్ళలో ఒక్కరైనా గూడెం ఫోన్ చేసి ఆ అమ్మాయికి చెప్పలేదు. అందరూ నా పెళ్ళి కోసం సంతోషంగా ప్రార్థన చేస్తున్నారు.

మూడో ఆదివారం అయ్యగారు మళ్ళీ కళ్ళజోడు తోసుకుని చదివారు. "తెలియజేయవలెను. ఇది మూడవసారి, కడవరిసారి" అన్నారు. ఆడవాళ్ళ వైపు కుర్చీ కిర్రుమంది. అమ్మ లేచి నిలబడి తల మీద కొంగు సర్దుకుంది.

మా గుడిలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారంటే సాక్ష్యం చెప్పడానికే. మోకాళ్ళ నొప్పి తగ్గిందనో, మనవడికి సీటొచ్చిందనో దేవుడికి స్తోత్రం చెప్పి కూర్చుంటారు. అయ్యగారు చెయ్యెత్తి, "సాక్ష్యాలు ప్రకటనల తర్వాతండమ్మా" అన్నారు.

"సాక్ష్యం కాదండి అయ్యగారూ. నాకు అభ్యంతరముందండి" అంది అమ్మ.

"ఆమేన్" అన్నారు జనం.

వాళ్ళ తప్పు లేదు. ఇరవయ్యేళ్ళుగా అమ్మ స్త్రీల సమాజం అధ్యక్షురాలు. ఆవిడ ఒక వాక్యం పూర్తిచేస్తే ఆమేన్ అనడం అందరికీ అలవాటు, ఏం చెప్పిందో తర్వాత వినొచ్చు. వెనకనుంచి ఒక ముసలాయన స్తోత్రం కూడా అన్నాడు. ఆ తర్వాత మాట అర్థమై గుడంతా చల్లబడిపోయింది. నా చెయ్యి జారి కీబోర్డు మీద పడి కుయ్యిమంది. అయ్యగారు చేతిలో పుస్తకం అటూ ఇటూ తిప్పారు. అభ్యంతరం ఎలా అడగాలో అందులో ఉందిగానీ, ఎవరైనా చెప్తే ఏం చెయ్యాలో ఆయనకి ఏ పేజీలోనూ కనపడలేదు.

"అమ్మాయి మీదాండమ్మా అభ్యంతరం?" అన్నారు, కాస్త ఆశగా.

"అమ్మాయి బంగారమండి. అభ్యంతరం మా వాడి మీద. వాడికి ఈ పెళ్ళి ఇష్టం లేదండి. ఎందుకో వాడు చెప్పుకుంటాడు, చెప్పకపోతే వాడిష్టం. ఆ సంగతి తెలీకుండా ఆ పిల్లని తీసుకొచ్చి దేవుడి ముందు నిలబెట్టకూడదు కదండీ. న్యాయమైన అభ్యంతరమైతే చెప్పమన్నారు, అందుకని చెప్తున్నానండి."

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను. లేచానంటే గొప్పగా ఏమీ లేవలేదు, కీబోర్డు స్టాండు పట్టుకుని లేచాను. అమ్మ చెప్పింది నిజమేనండి అన్నాను. నాకు ఆడవాళ్ళ మీద మనసు లేదండి, మగవాళ్ళ మీదే ఉందండి అన్నాను. పాటల మైకు ఆపలేదని మాట బయటి స్పీకర్లోంచి వినపడ్డాకే తెలిసింది. గుడి ముందు ఆటోవాళ్ళు కూడా విన్నారట. ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు.

నాన్నగారు లేచి వెళ్ళిపోయారు. ఆ తొందరలో గుమ్మం బయట వేరేవాళ్ళ చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చేశారు. వచ్చాక చూసుకుంటే అవి సంఘ కార్యదర్శివి. తిరిగి వెళ్ళి ఇచ్చే మొహం లేక వాటిని అరుగు మీద బోర్లా పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శి గారు నాన్నగారి చెప్పులేసుకుని వచ్చారు. మమ్మల్ని వెలేసినట్టు చెప్పడానికి వచ్చారనుకుని నేను లోపలే నిలబడ్డాను. ఆయన చెప్పులు మార్చుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, "మీవి నాకు బిగుతండి మాస్టారూ" అన్నారు తలుపు వైపు చూస్తూ. తలుపు తెరుచుకోలేదు. అమ్మ టీ ఇచ్చింది. టీ తాగి, వెళ్తూ వెళ్తూ, "కీబోర్డు ఎవరూ ముట్టుకోలేదు బాబూ, గుడ్డ కప్పి ఉంచాం" అన్నారు నాతో. ఆ ముక్క మా సంఘంలో ఎంత పెద్ద మాటో బయటివాళ్ళకి తెలీదు.

ఆ వారమంతా డబ్బాలొచ్చాయి. మా వాళ్ళలో ఎవరింట్లోనైనా మనిషి పోతే మూడురోజులు పొయ్యి వెలిగించనివ్వరు, ఇరుగుపొరుగే వండి తెస్తారు. మాది ఏ రకం విపత్తో తేల్చుకోలేక అదే పద్ధతి పాటించారు. రొయ్యల వేపుడు తెచ్చినావిడ గొంతు తగ్గించి, "ధైర్యంగా ఉండండమ్మా" అంది. "ఎవరూ పోలేదండి, వాడు లోపలే ఉన్నాడు, పిలవనా?" అంది అమ్మ. ఆవిడ పిలవమనలేదు, కానీ ఆదివారం ఖాళీ డబ్బా కోసం వచ్చి నన్ను ఎలా ఉన్నావని అడిగింది. సంఘ కమిటీ కూర్చుంది. నా విషయం వాక్యానుసారం పరిశీలించాలన్నారు. క్రిస్మసు పాటల ప్రాక్టీసు మొదలైందనీ, ఇంకెవరికీ కీబోర్డు రాదనీ ఎవరో గుర్తుచేశాక, పరిశీలన పండుగ తర్వాతికి వాయిదా వేశారు. రెండు పండుగలు దాటాయి, ఇంకా వాయిదాలోనే ఉంది. అమ్మకి మాత్రం వాయిదా దొరకలేదు. స్త్రీల సమాజంవాళ్ళు ఎంతో ప్రేమగా, ఇక మీరు విశ్రాంతి తీసుకోండమ్మా అని శాలువా కప్పి అధ్యక్షురాలి పదవి పుచ్చేసుకున్నారు. అమ్మ ఆ శాలువా మడిచి బీరువాలో అడుగున పెట్టింది.

నాన్నగారు నెలరోజులు అమ్మతో మాట్లాడలేదు. కావలసినవన్నీ నన్ను మధ్యలో పెట్టి అడిగేవారు. "మీ అమ్మని మజ్జిగ వెయ్యమను" అనేవారు. నన్ను చక్కదిద్దబోయి చివరికి నాతోనే మాట్లాడాల్సొచ్చిందాయనకి.

గూడెం అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. క్షమించమన్నాను. తను అరవలేదు. "డాబా మీద నేను అడిగాను కదండీ మిమ్మల్ని. మీరు రైలు టైము అడిగారు" అంది. "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి" అని పెట్టేసింది. ఆ ఫోన్ తర్వాత నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. అమ్మ కూడా లేవకుండా ఊరుకుని ఉంటే ఇవాళ ఆ అమ్మాయి మా ఇంట్లో ఏ మూలో కూర్చుని తనలో లోపమేమిటో వెతుక్కుంటూ ఉండేది.

మొన్న శనివారం అమ్మ పెరట్లో మళ్ళీ కొర్రమీను తోముతోంది. నేను బూడిద అందిస్తున్నాను. ఇన్నాళ్ళూ అడగలేనిది ఒకటి ఉండిపోయింది, అడిగేశాను. పెళ్ళి ఆపాలనే ఉంటే మొదటి ఆదివారమే లేవచ్చుగా అమ్మా, శుభలేఖలు కూడా పంచేశాక మూడోవారం దాకా ఎందుకాగావు అన్నాను.

అమ్మ చేప తిరగేసి రెండోవైపు రాయడం మొదలుపెట్టింది.

"నువ్వు లేస్తావేమోనని చూశాన్రా. మొదటివారం చూశాను, రెండోవారం చూశాను. నీ వైపే చూస్తా కూర్చున్నాను. నువ్వేమో కళ్ళు మూసుకున్నావు."